తండాకు బస్సు సంబంధం

రోడ్డు బాగుపడితేనే బస్సు వేస్తామని ఆర్టీసీ వాళ్లు ఈ వారం మరో తండాకు చెప్పి పంపారు. అదే అర్జీ పట్టుకుని ఇంజినీర్ల దగ్గరికి పోతే, బస్సు కూడా తిరగని రోడ్డుకు డాంబరు కావాలని పైవాళ్లకు ఏ ముఖంతో రాయమంటారని వాళ్లు ఎదురడిగారు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు. అందుకని నేనూ దీన్ని పెళ్లి వ్యవహారంగానే చూడదలచాను.

వరుడు పల్లెవెలుగు. వయసు అడక్కూడదు. ఒళ్లంతా చప్పుడే గానీ సర్కారు ఉద్యోగం. వధువు మొరం రోడ్డు. ఎన్నికల ముందు ఎర్రగా ముస్తాబు చేశారు. రెండు వానలకే రంగు వెలిసి కంకర తేలింది.

పెళ్లిచూపులకు డిపో తరఫువాళ్లు జీపులో వచ్చారు (జీపు మాత్రం ఎలాగో వచ్చింది). టీ తాగి టేపు తీశారు. మలుపు దగ్గర మరీ సన్నం, కల్వర్టు ఒకపక్కకు కుంగింది, వాగు పొంగితే పిల్ల కనబడనే కనబడదు. మావాడి స్ప్రింగు కట్టలు అసలే నాజూకు అంటూ లేచారు. ఇంటికెళ్లి ఉత్తరం రాస్తామన్నారు.

జాతకాలు చూసేది ఢిల్లీలో. 2000 డిసెంబరులో పుట్టిన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన పంచాంగం ప్రకారం మైదానంలో ఊరికి 500 మంది ఉండాలి, గిరిజన ప్రాంతమైతే 250 చాలు. తండాలో అందరూ లంబాడీలే కదా అనకండి. షెడ్యూల్డు ఏరియా బయట కాపురముంటే మామూలుగా 500 లెక్కే. 2024 సెప్టెంబరులో ఆమోదించిన నాలుగో విడతకు ఆధారం 2011 జనాభా లెక్కలు. అంటే పదమూడేళ్ల కిందటి ఫొటో చూసి సంబంధం తేలుస్తారు. ఆ లెక్కలు రాసిన 2011 ఫిబ్రవరిలో నాలుగిళ్లవాళ్లు చెరకు కొట్టడానికి వలసపోయి ఉంటే గ్రహాలు తప్పినట్టే.

ఇక జాతకం కుదిరిన తండా సంగతి. నిశ్చితార్థం ఎప్పుడో అయిపోయింది. శిలాఫలకం మీద పెద్దల పేర్లన్నీ హోదాల వారీగా చెక్కారు. రావలసిన పురోహితుడే, అంటే కాంట్రాక్టరే, రాలేదు. పాత పెళ్లిళ్ల దక్షిణే ఇంకా ముట్టలేదట, బిల్లులు పెండింగులో ఉన్నాయట.

ఇంతలో 2023 డిసెంబరు 9న వరుడి తరఫున గొప్ప కబురు వచ్చింది: కట్నం వద్దు! తెలంగాణ మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు చార్జీ లేదు. సంతోషం. కట్నం వద్దన్నవాడు మండపానికి కూడా రాడా?

వేళాకోళం చాలు. ఉచిత బస్సు ఎక్కడానికి తండా ఆడమనిషి కూలి డబ్బుల్లోంచి ఆటోకు కట్టి మెయిన్ రోడ్డుకు చేరుతోంది. డాంబరు రోడ్డు పక్క ఊరామె ఇంటి ముందే ఎక్కి ఉచితంగా పోతోంది. ఈ రాష్ట్రంలో ఎంత పేద ఊరైతే ప్రయాణానికి అంత ఖర్చు. ఆ ఆటో అయినా మనుషులు నిండేదాకా కదలదు, పొద్దుగూకితే దొరకదు. ఇంటర్ కాలేజీ పట్నంలో ఉంటుంది. సాయంత్రం ఇల్లు చేరే దారి లేదని పదో తరగతితో పిల్ల చదువు మాన్పిస్తారు. ఆ తర్వాత జరిగేవి నిజం పెళ్లిచూపులు, పదహారేళ్లకే. దానికి తల్లిదండ్రులను పిలిచి కౌన్సెలింగ్ ఇస్తారు. ఆ కుంగిన కల్వర్టును పదేళ్లు అలాగే వదిలేసినవాళ్లకు ఎవరిస్తారు కౌన్సెలింగ్?

బస్సులు చూసే శాఖ, రోడ్లు చూసే శాఖ రెండూ ఒకే ముఖ్యమంత్రి కింద పనిచేస్తున్నాయి. ప్రతి డిపో తన పరిధిలో బస్సు పోని ఊళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఏ మలుపు, ఏ కల్వర్టు అడ్డమో పక్కనే రాయాలి. పంచాయతీరాజ్ ఇంజినీర్లు కొత్త పనులు ఆ జాబితా నుంచే మొదలుపెట్టాలి. ఇందుకు మళ్లీ సర్వేలు అక్కర్లేదు. తండాలవాళ్లు ఇన్నేళ్లుగా ఇచ్చిన అర్జీల్లో ఆ వివరాలన్నీ రాసే ఉన్నాయి.