కాపురానికి పే స్లిప్పు

పెళ్లి జరిగిందా లేదా అని తేల్చుకోవడం ఏ సర్కారుకైనా పెద్ద పని కాదు. రిజిస్ట్రారు ముద్ర ఉంటుంది, తాళి కట్టే క్షణంలో బంధువులంతా అక్షింతలు మరిచిపోయి కెమెరా వైపు చూసిన ఫొటో ఉంటుంది. చిక్కల్లా ఆ తర్వాతే. పరాయి దేశపు మనిషి ఇక్కడి పిల్లను చేసుకుని ఇక్కడే ఉంటానంటున్నాడు, ఉండనిద్దామా? ఉన్నవాడు ఇంకో ఏడాది ఉంటానంటున్నాడు, పొడిగిద్దామా? ఈ ప్రశ్నలకు చాలా దేశాలు కనిపెట్టిన జవాబు జీతం. థాయిలాండ్ అమ్మాయిని చేసుకున్న విదేశీయుడు ఏటేటా గడువు పొడిగించుకోవాలంటే నెలకు 40,000 బాత్‌ల రాబడి చూపించాలి. అది లేకపోతే 4 లక్షల బాత్‌లు దరఖాస్తుకు ముందు రెండు నెలలు బ్యాంకులో పడి ఉండాలి. ఆ రెండు నెలలూ ఆలుమగలు పోట్లాడుకున్నా ఫర్వాలేదు, ఎవరైనా అలిగి పుట్టింటికి పోయినా ఫర్వాలేదు, డబ్బు మాత్రం గడప దాటకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇదే: ఈ పరీక్షలో కాపురం సంగతి తేలదు, పోషించే స్తోమత సంగతీ తేలదు. డబ్బు ఒకేచోట ఎంతకాలం కదలకుండా కూర్చోగలదో తేలుతుంది, అంతే. తమిళనాడు సరిహద్దున ఉన్న మా తడలో ఉండి ఆలోచిస్తే ఈ సంగతి తొందరగా బోధపడుతుంది, ఎందుకంటే ఇక్కడ కదలనిదంటూ ఏదీ లేదు. పదహారో నంబరు హైవే మీద లారీలు కదులుతుంటాయి, అరంబాకం దాటితే భాష మారుతుంది, చివరికి ఊరు కూడా 2022 ఏప్రిల్ 4న అంగుళం జరక్కుండానే నెల్లూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయింది. అంతకు ముందు పెళ్లి చేసుకున్నవాళ్ల సర్టిఫికెట్టులో ఒక జిల్లా, ఆ తర్వాత తీసుకున్న పాస్‌పోర్టులో ఇంకో జిల్లా. ఇల్లు మారకుండా జిల్లా ఎట్లా మారిందో విదేశీ అధికారికి వివరించే ఉత్తరం ఒకటి అదనం.

ఇలాంటి చోట మనుషులకు డబ్బు ఎట్లా వస్తుందో చూడండి. పులికాట్ సరస్సులో వల వేసేవాడికి నెలాఖరు అనేది ఉండదు, చేప పడిన రోజు ఉంటుంది, పడని రోజు ఉంటుంది. సముద్రంలోకి వెళ్లే మరబోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. రొయ్యల చెరువు పెట్టినవాడు పంట చేతికొస్తే షావుకారు, తెగులు తగిలితే అప్పులవాడు. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టుకు వెళ్లే కుర్రవాడికి జీతం తేదీ ప్రకారం పడుతుంది నిజమే, అయితే అది పడిన సాయంత్రానికే చీటీ వాయిదాకు కొంత, కుదువ పెట్టిన గొలుసు వడ్డీకి కొంత, మేనమామ చేబదులుకు కొంత వెళ్లిపోతుంది. మన వైపు బ్యాంకులో 4 లక్షలు రెండు నెలలు ఊరికే ఉన్నాయంటే ఆ మనిషికి బంధువులు లేరని అర్థం, లేదా ఉన్నా వాళ్లకింకా సంగతి తెలియలేదని అర్థం. తెలుగు సంసారంలో ఆస్తి బీరువాలోనూ భూమిలోనూ చీటీలోనూ ఉంటుంది. వీసా అధికారి దృష్టిలో ఆస్తి పాస్‌బుక్కులో మాత్రమే ఉంటుంది. చీటీ పాడుకుని ఒక్కసారిగా 3 లక్షలు ఖాతాలో వేస్తే ఇంట్లోవాళ్లు పాయసం వండుతారు, అధికారి మాత్రం ఈ సొమ్ము ఎక్కడిదో రాసివ్వమంటాడు.

ఈ పరీక్ష చదువుకునే కొద్దీ ముచ్చటేసే దేశం బ్రిటన్. 2012 జూలైలో వాళ్లు ఒక అంకె పెట్టారు: విదేశీ భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం ఉండాలి. 2024 ఏప్రిల్ 11న అది 29,000 అయింది. ఆ ఏడాది అక్కడి కనీస వేతనం గంటకు 11.44 పౌండ్లు. వారానికి 40 గంటల చొప్పున ఏడాదంతా ఒక్క రోజు నాగా లేకుండా పనిచేసినా 24,000 దాటదు. అంటే ఒక మనిషి బతకడానికి ఇది చాలునని ఒక చట్టం చెబుతుంది, అదే మనిషి పెళ్లాంతో బతకడానికి చాలదని ఇంకో రూలు చెబుతుంది. ఇంతకంటే రుచికరమైన సంగతి వేరే ఉంది. తడ నుంచి రోజూ శ్రీసిటీకి వెళ్లి మేనేజరుగా నెలకు లక్షన్నర తెచ్చుకునే అమ్మాయి, లండన్ గోదాములో పనిచేసే బ్రిటిష్ పౌరుణ్ణి చేసుకుందనుకోండి. వీసాకు మొదటిసారి దరఖాస్తు చేసేటప్పుడు ఇక్కడి ఆమె జీతం లెక్కలోకి రాదు, సున్నా. అతని జీతమే జీతం. ఆమె కూడబెట్టిన నగదును మాత్రం ఒప్పుకుంటారు, దానికీ ఒక సూత్రముంది: మొదటి 16,000 పౌండ్లను అసలు లేనట్టే చూసి, ఆపైన ఉన్నదాన్ని రెండున్నరతో భాగిస్తారు. ఆ లెక్కన అతనికి జీతమే లేకపోతే ఆమె ఖాతాలో 88,500 పౌండ్లు, మన డబ్బుల్లో కోటి అటూ ఇటూగా, ఆరు నెలలపాటు ఉండాలి. బీరువాలో ఉన్న బంగారం? అమ్మి నగదు చేసి చూపించమంటారు. బంగారం అమ్ముకుని మొగుడి దగ్గరకు వెళ్లమనే సలహా తెలుగు తల్లికి ఏ ప్రభుత్వమూ ఇవ్వకూడదు, కాపురం అక్కడికి చేరకముందే పుట్టింట్లో ఇంకో రభస మొదలవుతుంది.

ఇక కువైట్ కథ. రాజంపేట, రాయచోటి, చిత్తూరు వైపు నుంచి వెళ్లినవాళ్లకు ఇది బాగా తెలుసు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే అక్కడ కావలసిన జీతం 2024 జనవరి నుంచి 800 దినార్లు, అంటే 2 లక్షల రూపాయలకు పైమాటే. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు 2016లో అక్కడ ఖాయం చేసిన కనీస వేతనం 60 దినార్లు. వాళ్లుండే ఇరవయ్యో ఆర్టికల్ వీసా మీద కుటుంబాన్ని పిలిపించుకునే వీలే లేదు, జీతం మాట తర్వాత. ఆ డ్రైవరు, ఆ వంటమనిషి, ఆ ఖద్దామా (ఇంటి పనిమనిషి) పంపిన డబ్బుతోనే ఇక్కడ అమ్మానాన్నలకు మందులు వచ్చాయి, చెల్లెలి పెళ్లయింది, తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజు కట్టారు, ఇంటికి స్లాబు పడింది. పంపుతున్న మనిషికి ఎనిమిది మందిని పోషించే శక్తి ఉందని ఊరంతటికీ తెలుసు. ఒక్క మనిషిని, అదీ సొంత ఆలినో మగణ్ణో, పోషించగలనని రుజువు చేసుకునే యోగ్యత మాత్రం లేదు. ఈ సందర్భంలో నాకు నవ్వు రాదు, వచ్చినా అది ఇంకో రకం నవ్వు.

ప్రభుత్వ ఖజానా మీద భారం పడకూడదు కదా, అడగడంలో తప్పేముంది అంటారు. న్యాయమైన మాటే. ఎవరి సొమ్ముకు వాళ్లు కాపలా కాసుకోవాలి. కాకపోతే బ్రిటన్‌లో ఆ కాపలా అప్పటికే ఉంది. అక్కడ భార్యాభర్తల వీసా మీద ఉన్నవాళ్లకు ప్రభుత్వ భృతులు ముట్టుకునే హక్కు లేదు. ఆసుపత్రి ఖర్చుకని ఏడాదికి 1,035 పౌండ్లు ముందే వసూలు చేస్తారు, ఆ తర్వాత జీతంలోంచి పన్ను వేరే. తలుపుకు తాళం వేసి, గొళ్లెం పెట్టి, లోపల పెట్టెకు ఇంకో తాళం వేసి, చివరికి దొంగతనం జరుగుతుందేమోనని అతిథి ఆదాయం అడగడం జాగ్రత్త అనిపించుకోదు. ఈ ఆదాయపు రూలు మీద పడిన కేసులో 2017 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు అంకె పెట్టడం చట్టబద్ధమేనని తేల్చింది. అయితే పిల్లల బాగోగులు సరిగా పట్టించుకోలేదని, ఇతర మార్గాల్లో వచ్చే ఆసరాను చూడనంటే కుదరదని కూడా చెప్పింది. దాంతో రూలు సవరించి, అసాధారణ పరిస్థితుల్లో మూడో మనిషి ఇచ్చే ఆర్థిక సాయాన్ని లెక్కలోకి తీసుకోవచ్చన్నారు. మామగారి సాయం అసాధారణ పరిస్థితి అని నమ్మే దేశం ఒకటుందని మన అల్లుళ్లకు తెలిస్తే ఎంత ఆశ్చర్యపోతారో!

అంకె ఉండటమే మేలు, లేకపోతే అధికారి ఇష్టారాజ్యమవుతుంది అనే రెండో వాదన మొదటిదానికంటే గట్టిది. అధికారి మొహం చూసి వీసా ఇచ్చే పద్ధతి కంటే గోడ మీద రాసిన అంకె నయం, ఒప్పుకుంటాను. ఎంత తక్కువపడిందో తెలిస్తే ఓవర్‌టైమ్ చేసైనా సంపాదించుకోవచ్చు. కానీ అంకెకు కళ్లుండవు. నెదర్లాండ్స్‌లో షక్రూన్ కేసు దీనికి మంచి సాక్ష్యం. 1970 నుంచి అక్కడే ఉంటున్న మొరాకో దేశస్థుడు 1972లో పెళ్లి చేసుకున్నాడు. భార్య 2006లో అతని దగ్గరకు వస్తానని దరఖాస్తు పెట్టుకుంటే, నిరుద్యోగ భృతి కింద అతనికి వచ్చే మొత్తం నిర్ణయించిన 1,441.44 యూరోలకు తక్కువగా ఉందని కాదన్నారు. ముప్పై నాలుగేళ్లు నిలిచిన పెళ్లికి, పైసల వరకు లెక్కగట్టిన అంకె అడ్డం. 2010 మార్చి 4న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: అంకె పెట్టుకోండి, కొలబద్దగా వాడుకోండి, కానీ దానికి తగ్గితే చాలు మనిషిని చూడకుండానే వెనక్కి పంపుతామంటే ఒప్పుకోం. నాకు తోచిన మార్గమూ అదే. అంకెకు కళ్లు లేకపోవడానికి బ్రిటన్‌లోనే ఇంకో నిదర్శనముంది. 2024 ఏప్రిల్ 11కు ముందు దరఖాస్తు చేసుకున్నవాళ్లు అదే జోడీతో పొడిగించుకోవడానికి ఇప్పటికీ 18,600 చాలు. అన్న మార్చిలో దరఖాస్తు పెట్టి, తమ్ముడు మే నెల దాకా ఆగాడనుకుందాం. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తినే ఇద్దరు కోడళ్లలో పెద్దకోడలి కాపురం 18,600కే నిలబడుతుంది, చిన్నకోడలిది నిలబడటానికి 29,000 కావాలి. మేలో బియ్యం ధర అంత పెరిగిందా అని అడిగితే జవాబు చెప్పే కౌంటరు లేదు.

మూడో ఆక్షేపణ మనవాళ్ల నుంచే వస్తుంది: జీతం అడగడం మనకు కొత్తా, పెళ్లిచూపుల్లో ప్యాకేజీ ఎంతని అడిగేది మనం కాదూ? కాదనను. ఆ మాటకొస్తే మన మంత్రాల్లో వరుడు ధర్మంలోనూ అర్థంలోనూ కామంలోనూ హద్దు మీరనని మాటిస్తాడు, అర్థం అక్కడా ఉంది. అమెరికా సంబంధమంటే పే స్టబ్ వాట్సాప్‌లో పంపమని అడిగే మామగార్లూ ఉన్నారు. కానీ మనవాళ్లు అడిగేది ఒక్కసారే, పెళ్లికి ముందు. ఆ తర్వాత అల్లుడి ఉద్యోగం ఊడినా అల్లుడరికం ఊడదు. థాయిలాండ్ ఏటేటా అడుగుతుంది, బ్రిటన్ రెండున్నరేళ్లకోసారి అడుగుతుంది. ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా ప్రభుత్వం పెళ్లిచూపులకు వస్తూనే ఉంటుంది, మళ్లీ కాఫీ పెట్టాల్సిందే. పైగా మన దగ్గర మధ్యవర్తి ఉంటాడు. అబ్బాయి బుద్ధిమంతుడని, జీతానికి ఢోకా లేదని తన పూచీ మీద చెబుతాడు, కొంచెం ఎక్కువే చెబుతాడు. థాయిలాండ్‌లో ఒకప్పుడు ఆ పని విదేశీ రాయబార కార్యాలయాలు చేసేవి, ఫలానా పౌరుడి రాబడి ఇంత అని ఉత్తరం ఇచ్చేవి. 2019 వచ్చేసరికి అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా ఆ ఉత్తరాలు మానేశాయి. పెళ్లిళ్ల పేరయ్య కూడా తప్పుకున్న సంబంధమంటే ఇదే.

మన దేశం ఏం చేస్తుందో చూడకుండా పరాయివాళ్లను ఆడిపోసుకోవడం మర్యాద కాదు. శ్రీసిటీ ఫ్యాక్టరీకి వచ్చే జపాన్, కొరియా ఇంజినీర్ల ఉద్యోగ వీసాకు మనమూ ఒక అంకె పెట్టాం, ఏడాదికి 16.25 లక్షల రూపాయలు. అందులో వాళ్ల దేశపు వంట వండే వంటవాళ్లకు మినహాయింపు ఉంది, ఆ రూలు రాసినవాడు ఎవరో గాని ఆకలి తెలిసినవాడు. భారతీయుల్ని పెళ్లాడిన విదేశీయుల విషయంలో మాత్రం మన పద్ధతి వేరు. పెళ్లి రిజిస్టరు కాగితం, పూచీకత్తు బాండు, దాంతోపాటు ఇరుగుపొరుగును అడిగి వీళ్లు నిజంగా ఆలుమగలేనా అని విచారణ. పెళ్లయి రెండేళ్లు నిండితే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు అడగవచ్చు, దానికి జీతంతో పనిలేదు. తడ వీధిలో కాపురముంటున్న విదేశీ అల్లుడి గురించి ఎదురింటావిడకు తెలిసినంత ఏ బ్యాంకు స్టేట్‌మెంటుకూ తెలియదు. పాలు ఎన్ని పోయించుకుంటారో, గొడవ ఎందుకు పడ్డారో, రాజీ ఎప్పుడైందో ఆమె దగ్గర తేదీలతో సహా ఉంటాయి. ఆమెకు అద్దె గొడవో నీళ్ల గొడవో ఉంటే వీళ్ల గతేమిటంటారా? నిజమే, ప్రమాదమే. బ్యాంకు స్టేట్‌మెంటుకు కక్షలుండవు. అందుకే ఎదురింటావిడ మాటను అంకె పక్కన పెట్టి చూడమంటున్నాను గాని, అంకె తీసి పారేసి ఆమె చేతికి ముద్ర ఇమ్మని నేననడం లేదు.

అన్నిటిలోకీ నాకు కాస్త నిజాయితీగా కనబడేది అమెరికా పద్ధతి, దాని తిక్కలు దానికున్నా సరే. పేదరికపు గీతకు 125 శాతం ఆదాయం చూపమంటారు, 2025 లెక్కన ఇద్దరున్న ఇంటికి 26,437 డాలర్లు. తక్కువపడితే ఆస్తులు చూపించవచ్చు, ఏడాదిలోపు నగదుగా మార్చుకోగలిగితే సూళ్లూరుపేట దగ్గరి స్థలమూ లెక్కలోకి వస్తుంది. పౌరుడి భార్యకో భర్తకో అయితే తగ్గినదానికి మూడింతల విలువ ఉంటే చాలు. కదలకుండా కూర్చున్న డబ్బును పూజించడం అక్కడ కొంచెం తక్కువ. దాని బదులు 1997 డిసెంబరు నుంచి ఐ-864 అనే పత్రం మీద సంతకం పెట్టించుకుంటున్నారు. ఆ సంతకం బరువు పెట్టేటప్పుడు చాలామందికి తెలియదు. అవతలి మనిషి అమెరికా పౌరసత్వం తీసుకునేదాకా, లేదా 40 క్వార్టర్ల, అంటే దాదాపు పదేళ్ల, పని లెక్క పూర్తయ్యేదాకా, లేదా దేశం వదిలి శాశ్వతంగా పోయేదాకా, లేదా ఇద్దరిలో ఒకరు కన్నుమూసేదాకా పోషణ బాధ్యత సంతకం పెట్టినవాడిదే, కావాలంటే కోర్టుకెళ్లి వసూలు చేసుకోవచ్చు. ఆ జాబితాలో విడాకులు లేవు. కోర్టు పెళ్లిని రద్దు చేశాక కూడా అతను మాజీ మొగుడే గాని మాజీ స్పాన్సరు కాడు.