ముహూర్తానికి ముందు మేకప్ డేటు

మా గాజువాకలో ఇప్పుడు పంచాంగం కన్నా ముందు మేకప్ అమ్మాయి డైరీ చూస్తున్నారు. ఆమెకు ఖాళీ ఉందంటే అప్పుడు పురోహితుడికి ఫోను. మా మనవరాలి పెళ్ళికీ అదే తంతు. 2025 జనవరిలో ఉక్కు ఫ్యాక్టరీకి కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించిన రోజున కూడా మా ఇంట్లో ఇంత చర్చ లేదు. ఈ మేకప్ ప్యాకేజీ మీద మాత్రం రాత్రి భోజనాల దగ్గర రోజూ పంచాయితీయే.

ఆ ప్యాకేజీ కాగితంలో ఏముందో వినండి. హల్దీకి ఒక మేకప్, పెళ్ళికూతుర్ని చేసే రోజుకి ఒకటి, ముహూర్తానికి ఒకటి, రిసెప్షన్‌కి ఒకటి. తల్లికి సగం రేటు. చెల్లెలికి ‘గెస్ట్ మేకప్’. వెరసి అరవై వేలు.

“హల్దీ అంటే ఏటే?” అని అడిగాను.

“నలుగే అమ్మమ్మా, పసుపు బట్టలు కట్టుకుని చేస్తారు” అంది మనవరాలు.

నలుగంటే నాకు తెలిసింది ఒంటికి నువ్వులనూనె పట్టించి, సున్నిపిండితో రుద్ది, తలంటు పోయడం. మొహం మీద ఉన్నదాన్ని వదలగొట్టే పని అది. దానికి ముందే మొహం నిండా రంగు పూయించుకోవడమేమిటి, ఆ రంగు చెడుతుందని చెంపకి తగలకుండా పసుపు చెయ్యి ఊరికే చూపించడమేమిటి! ఆ పద్దు నేనే కొట్టేయించాను. ఇంట్లో ఒక్కరూ నోరెత్తలేదు, మనవరాలు తప్ప.

నా పెళ్ళి 1973లో. ఇందిరా గాంధీ వచ్చి స్టీల్ ప్లాంటుకి శంకుస్థాపన చేసి అప్పటికి రెండేళ్ళు. తాటాకు పందిరి, పెట్రోమాక్స్ లైట్లు, తెల్లవారుజాము ముహూర్తం. మొహానికి స్నో, దాని మీద క్యూటికురా పౌడరు, కళ్ళకి ఇంట్లో పట్టిన కాటుక. మా మేనత్త కల్యాణం బొట్టు దిద్ది, బుగ్గన చుక్క పెట్టింది. జడ మా పిన్నిది. దువ్వెనకొచ్చిన జుట్టు ఏళ్ళ తరబడి దాచి కట్టించిన సవరం, దాని మీద పూలజడ, చివర జడకుప్పెలు. ఆ బరువుకి మెడ వెనక్కి లాగేస్తుంటే, తల వంచుకోవే అని చుట్టూ కేకలు. అంతా కలిపి గంటలో ముగించారు.

ఊరికే అయిందా అంటే, కాలేదు. పారాణి పెట్టినావిడకి చీర, గోళ్ళు తీసినతనికి పంచె, ఇద్దరికీ చేటెడేసి బియ్యం. పిన్నికీ మేనత్తకీ మంచి చీరలు పెట్టాల్సిందే, లేకపోతే ఏడాది పాటు అలకలు. ఆ లెక్క ఎవరూ కాగితం మీద వేయలేదు.

ఆ పెట్రోమాక్స్ వెలుగులో ఎవరి మొహం ఎవరికి తెలిసింది గనక? ఫొటోగ్రాఫరు రీలులో ముప్ఫై ఆరు ఫొటోలు. తాళి కట్టేటప్పటికి రీలు మిగలాలని బిగబట్టుకుని కూర్చునేవాడు. ఇప్పుడు బొట్టు దిద్దుతుంటేనే వంద తీస్తున్నారు. చుట్టూ లైట్లు, తల మీద డ్రోను, రెప్పవెంట్రుకలు లెక్కపెట్టే కెమెరాలు. హెచ్‌డీ మేకప్ అన్నది కూడా ఆ కెమెరాల కోసం వచ్చిందే. కాబట్టి ముహూర్తం మేకప్ దండగని నేననను. ఆ లైట్ల కింద ఒట్టి మొహం జిడ్డోడుతూ పాలిపోతుంది.

ఎయిర్‌బ్రష్ అయితే ఇంకో పదివేలట. సరే చూద్దామని వెళ్ళాను. చిన్న కంప్రెసరు, దానికో గొట్టం, చివర పెన్నులాంటి తుపాకీ. మా ఆటోనగర్‌లో సొట్ట తీసిన కారుకి రంగు కొట్టేది అచ్చం ఇలాగే. పూత పలచగా, సమంగా పడుతుంది, మన సముద్రపు ఉక్కకి కాస్త ఎక్కువసేపు ఆగుతుంది, ఒప్పుకున్నాను. కానీ హోమం పొగకి, అప్పగింతల ఏడుపుకి ఒకసారి చారలు కట్టిందంటే మళ్ళీ అతకడం కష్టం. అప్పగింతల్లో ఏడవకుండా ఉండే పిల్ల మా వంశంలో లేదు. పదివేలు మిగిలాయి.

కిందటేడు కూర్మన్నపాలెంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పురోహితుడు మైకులో పెళ్ళికూతుర్ని తీసుకురమ్మంటున్నాడు. మేనమామ బుట్ట పట్టుకుని గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలి నుంచి “ఫైవ్ మినిట్స్ సార్!” అప్పటికి మూడు గంటలుగా అదే గదిలో ఉంది పిల్ల. తీరా తెచ్చాక, స్ప్రే కొట్టి బిగించిన జుట్టు మీద జీలకర్ర బెల్లం నిలవదే! పెళ్ళికొడుకు అరచేత్తో అదిమి పట్టుకుంటే, మేకప్ అమ్మాయి వేదిక పక్క నుంచి “హెయిర్, హెయిర్!” అని ఒకటే గోల. సుముహూర్తాన ఒకరి కళ్ళలో ఒకరు చూసుకోవాలని అంటారు. ఆ పిల్లవాడు మాత్రం బిక్కమొహం వేసుకుని మేకప్ అమ్మాయి వంకే చూశాడు.

నాకు ఒళ్ళు మండేది రంగు దగ్గర. మా పిల్ల చామనచాయ. ట్రయల్ రోజున మొహం రెండు షేడ్లు తెల్లగా చేసి కూర్చోబెట్టారు. చేతులు ఒక రంగు, మెడ ఇంకో రంగు. మా కాలమేం తక్కువ తినలేదు, నల్లపిల్ల మొహాన తెల్లపౌడరు దిమ్మరించేవారు. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది, 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో అన్నారు. పెళ్ళిచూపులకి వచ్చిన వాళ్ళు అడిగేది అడుగుతూనే ఉన్నారు. ఆ ట్రయల్ రోజునే మా పిల్లని పగటి వెలుగులోకి, వీధి అరుగు మీదకి తీసుకొచ్చి, “అమ్మాయ్, దీని మోచేతి రంగుకి కలిపి వెయ్యి, లేకపోతే వద్దు” అన్నాను. మళ్ళీ వేసింది, బాగానే వేసింది. అద్దాల గదిలో, ఆ తెల్ల లైట్ల కింద చూసి సరేననకండి.

ఆ మేకప్ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. సినిమాల్లో ఈ పని ఆడవాళ్ళ చేతికి తేలిగ్గా రాలేదు. సినిమా సంఘాలు ఆడవాళ్ళకి జుట్టు దువ్వే పనే గాని మేకప్ పనికి సభ్యత్వ కార్డు ఇచ్చేవి కావు. చారు ఖురానా అనే ఆవిడ సుప్రీంకోర్టు దాకా పోరాడితే, 2014 నవంబరులో గాని ఆ అడ్డు తొలగలేదు. ఈ పిల్ల అర్ధరాత్రి ముహూర్తాలకి పెదగంట్యాడ నుంచి స్కూటీ మీద పెట్టె వేసుకుని వస్తుంది. తెల్లారేదాకా కునుకు తీయని మనిషికి కూలి ఇవ్వద్దంటే తప్పు. నా పెళ్ళిలో జడ వేసిన పిన్నికి ఒక చీరతో సరిపెట్టేశాం, అదీ అప్పు మీద తెచ్చిన చీర.

చివరికి ముహూర్తానికి, రిసెప్షన్‌కి మాత్రం మాట్లాడాం. తల్లికి వద్దు, తన మొహానికి తను పౌడరు రాసుకోగలదు. మేకప్ అమ్మాయే స్వయంగా వస్తుందా, అసిస్టెంటుని పంపుతుందా, జడ, పూలు, చీర కట్టడం అందులోవేనా, అర్ధరాత్రి ముహూర్తానికి అదనమా అని అడిగి కాగితం మీద రాయించాను. ఇంతకుముందు వెళ్ళిన ఒక పెద్ద సెలూన్‌లో 18 శాతం జీఎస్టీ వేసి చూపించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతమే కదమ్మా అంటే, కంప్యూటరు అలాగే చూపిస్తోందట. కంప్యూటరుకే మేకప్ వేసుకోమని లేచి వచ్చేశాం.

అడ్వాన్సు ఇచ్చేశాం, ఇక అయిందనుకున్నాను. నిన్న ఇంకో అమ్మాయి వచ్చింది. చీరకి కుచ్చిళ్ళు ముందే పెట్టి, ఇస్త్రీ చేసి, అట్టపెట్టెలో సర్ది ఇస్తుందట. చీరకి ఇంతని రేటు. కుచ్చిళ్ళు నేను పెడతాను కదే అంటే, “నువ్వు పెడితే వీడియోలో సమంగా రావు అమ్మమ్మా” అంది మనవరాలు. ఆ పెట్టెకి మాత్రం నేను పైసా ఇవ్వను. వాళ్ళ నాన్న ఇచ్చుకుంటే ఇచ్చుకోనీ.