తల్లికి జిగురట్ట, పిల్లలకు ఉగ్గుపాలు

పాత పుస్తకాల అట్టపెట్టె కదిపితే చాలు, ఈ మధ్య ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక పెంపుడు తల్లో తండ్రో పుట్టుకొస్తున్నారు. పెట్టె అడుగున కొరికిన కాగితాల గూట్లో ఎర్రగా, బొచ్చు లేకుండా, కళ్ళు తెరవని ఎలుక పిల్లలు అరడజను. వెంటనే ఫోను బయటికొస్తుంది. ఆ తరవాత ఇంకు ఫిల్లరు, గోరువెచ్చటి ప్యాకెట్ పాలు. వీడియో కింద ‘అమ్మ లేని చిన్నారులు’ అని రాసి, వెనక వేణువు ఒకటి పెడతారు.

అమ్మ ఎందుకు లేదని మాత్రం అడక్కూడదు. రాత్రి బియ్యం డబ్బా వెనక జిగురట్టకు అతుక్కుపోయి, తెల్లారేదాకా కిచకిచలాడి, పొద్దున్నే అట్టతో సహా చెత్తబండి ఎక్కింది. ఆ అట్టల్ని కట్టడి చెయ్యమని జంతు సంక్షేమ బోర్డు 2020లో రాష్ట్రాలకు రాసింది. అయినా కిరాణా కొట్లో అగరొత్తుల పక్కనే దొరుకుతున్నాయి. చవితినాడు స్వామివారి వాహనానికి కూడా ఒక ఉండ్రం పెట్టే ఇళ్ళే వాటిని కొంటున్నాయి.

సరే, ఆలస్యంగానైనా దయ పుట్టింది. దానికి కొలత తెలియొద్దూ? పుట్టిన ఎలుక పిల్ల బరువు ఒక గ్రాము, మహా అయితే గ్రామున్నర. ఫిల్లరు నుంచి జారే ఒక్క చుక్కే దానికి ఎక్కువ. పైగా పాపాయికి పట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టి పోస్తారు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ముక్కు దగ్గర చిన్న బుడగ తేలుతుంది. ఆ బుడగ చూసి ‘ఎంత ముద్దొస్తోందో’ అని కింద రాస్తారు. ముద్దు కాదు తల్లీ, అది మునిగిపోతోంది.

తల్లెలుక పద్ధతి వేరు. ముందు పిల్లల్ని ఒంటికింద కమ్ముకుని వెచ్చబరుస్తుంది, పాలు తరవాత. ఆ పాలలో కొవ్వు ఆవు పాలకు మూడింతల పైమాటే. తాగిన పిల్లను వెలుతురులో చూస్తే పలచటి చర్మంలోంచి పొట్టలోని పాలు తెల్లటి పట్టీలా కనబడతాయి. తాగడం అయ్యాక తల్లి పొట్ట కింద నాకాలి, లేకపోతే పిల్లకు మూత్రం రాదు. అంటే తల్లి వేషం కట్టినవాళ్ళు రెండు గంటలకోసారి, రాత్రి రెండింటికీ నాలుగింటికీ కూడా లేచి, తడి దూదితో ఆ పని చెయ్యాలన్నమాట. దూది ఘట్టం ఏ వీడియోలోనూ ఉండదు. దానికి వేణువు నప్పదు మరి.

పాలు మాన్పించే తతంగం ఇంకా తమాషా. పిల్లలు రెండు వారాలకు కాస్త అటూ ఇటూగా కళ్ళు తెరుస్తాయి, మూడో వారంలో గట్టి తిండి కొరకడం మొదలెడతాయి, 21 రోజులకు పాలతో పని తీరుతుంది. మన పాపకు బారసాల చేసే రోజుకు వాటికి పాలు మానడం కూడా అయిపోతుంది. ఆ మూడు వారాలు ఆగే ఓపిక మనవాళ్ళకేదీ? మూడో రోజే, కళ్ళు తెరవని పిల్ల ముందు దాని తలకాయంత మెతుకు పెట్టి ‘మా చిట్టి అన్నప్రాశన’ అంటారు. నాలుగో రోజు వీడియో రాదు. అడిగితే అడవిలో వదిలేశామంటారు. ఆ అడవి సాధారణంగా బాల్కనీలో, గులాబీ కుండీలో ఉంటుంది.

ఏ పిల్లయినా మొండిగా బతికిందనుకోండి, ఆరు వారాలకు అదే చూలు కట్టగలదు. అప్పుడు పెంచిన చేతులే మళ్ళీ అట్ట కోసం కిరాణా కొట్టుకు బయల్దేరతాయి.

గూడు కనబడితే పెట్టె మూసి అవతలకు పోవచ్చు. తల్లి బతికుంటే ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని వేరే చోటికి తరలిస్తుంది. తరవాత తలుపు కింద సందు పూడ్చి, బియ్యానికి గట్టి మూత పెట్టుకుంటే సరి. కానీ ఇందులో కన్నీళ్ళకు చోటు లేదు, కాబట్టి ఎవరూ చూడరు.

తల్లి లేదు, సాకి తీరాల్సిందే అంటారా? తెలిసినవాళ్ళు ఆవు పాలు ముట్టుకోరు. సన్నటి బొమ్మల కుంచె కొనతో, పిల్లి కూనల కోసం చేసిన పాలపొడి కలిపి పడతారు. డబ్బా మీద పిల్లి బొమ్మ, పక్కనే చప్పరిస్తున్న ఎలుక పిల్ల: తీస్తే ఆ వీడియో తియ్యాలి.