అరపూట యాత్రా పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె.
అగ్గికొండ నేల యరపూట చూపింతు
జారు నీటి ధార సైత మొకటి
బస్సు చార్జి కన్న బహుచౌక యంచును
జీపు వాడు పలికె చేయి పట్టి

అవతారిక: ఇందూరు బస్టాండు బయట బోధన్ బస్సు కోసం నిలబడ్డ పెద్దమనిషితో జీపు వాడు అన్న మాట.

ప్రతిపదార్థం: అగ్గికొండ నేల = లావా చల్లారగా మిగిలిన భూమి, అనగా రేగడి; అరపూట = టిఫిన్ అయ్యాక వెళ్ళి బువ్వ వేళకు వచ్చేంత కాలము (టైరు సహకరించినచో); చూపింతు = చూపెదను, దిగి నడచుట నీ వంతు; జారు నీటి ధార = జలపాతము; సైతము = కూడా; ఒకటి = ఒకటే, రెండోది అడగరాదు; బహుచౌక = జీపు నిండినచో; అంచును = అనుచు; చేయి పట్టి = విడిపించుకోనీయక; పలికె = పలికెను.

తాత్పర్యం: నిండనిదే జీపు కదలదు.

విశేషాలు: కొండ ఎక్కడ అని ఆక్షేపణ. లేదని సమాధానం. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కింద దక్కన్ లావా ఎక్కువగా నేల పగుళ్ళలోంచి పొంగి పొరలు పొరలుగా పరుచుకుంది. ఆ పరుపు తూర్పు అంచు బోధన్ దాటాక, మహారాష్ట్ర హద్దు దిక్కున తగులుతుంది. ఆ నల్లరాయి చివికితే రేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు. వానాకాలం నాలుగడుగులు వేస్తే చెప్పు కింద ఇంకో చెప్పు మొలిచినట్టుంటుంది. కొందరు వ్యాఖ్యాతలు జానకంపేట అశోక్ సాగర్ గుండ్లను చూపి ఇదే అగ్గికొండ అంటారు. అది అపవ్యాఖ్య. అవి గ్రానైటు, భూమి లోపలే చల్లారినవి, వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. లావాకు ముత్తాతలు.

జలపాతమంటే కుంటాల అని ఒక పాఠం. అది గోదావరి దాటి, నిర్మల్ దాటి, నేరడిగొండ దగ్గర కడెం వాగు మీద ఉంది. అరపూటకు పొసగదు కనుక పరిహరించవలె. నిజాంసాగర్ గేట్ల మీంచి దూకే మంజీర అని మరో పాఠం. 1923లో మొదలై 1931లో పూర్తయిన కట్ట అది. గేట్లెత్తితే కవి నిజం చెప్పినవాడు. ఎత్తకపోతే జీపు వాడు చెరుకు రసం బండి దగ్గర ఆపుతాడు. గజ్జెలు మోగుతాయి, అల్లం నిమ్మకాయ కలిసిన ధార గ్లాసులోకి జారుతుంది. లక్షణం సరిపోయిందనే మా పక్షం.

అది వట్టి చమత్కారం కూడా కాదు. నీరు పట్టి ఉంచే రేగడికి నిజాంసాగర్ కాలువ తోడవడం వల్లే ఇక్కడ చెరుకు పండింది; చెరుకు వల్లే 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. అగ్గిని, నీటిని కలిపి చూపే చోటు ఈ యాత్రలో అదొక్కటే. జీపు వాడు అక్కడ బ్రేకు వేయడు. 2015 చివర మూతపడ్డ గేటు ముందు బ్రేకు దేనికని అతని వాదం. ఇది కవి దోషమని మా నిర్ణయం.

అలంకారం: మూడో పాదంలో అతిశయోక్తి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్ళకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీయే లేదు. సున్నా కన్న చౌక ఏమిటో జీపు వాణ్ణే అడగాలి.

ఫలశ్రుతి: ఎక్కే ముందు గేట్లెత్తారో లేదో కనుక్కోండి. నేల తడిగా ఉంటే చెప్పులు జీపులోనే వదలండి.