కొత్త మాట

మా అమ్మాయి రెండో పురిటికి 2016 డిసెంబరులో అమెరికా వెళ్లాను. కాన్సస్ రాష్ట్రంలో ఒలేతా అనే ఊరు. ముప్ఫై ఏళ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. ఆ మంచులో, ఆ మూసిన తలుపుల మధ్య పలకరించే మనిషి లేక నోరు కట్టేసినట్టుండేది. అల్లుడు పొద్దున్నే ఆఫీసుకి, పెద్ద మనవరాలు బడికి. అలాంటి రోజుల్లో పక్క వాటాలో అమ్మాయి పరిచయమైంది.

ఇరాన్ పిల్ల, షిరాజ్ ఊరివాళ్లు. మొగుడు ఇంజనీరు. తనకీ నెలలు నిండుతున్నాయి, మార్చిలో కాన్పు. ఒకరోజు మెట్ల దగ్గర నేను మా అమ్మాయితో "రోజూ బజారుకెళ్లే ఓపిక నీకెక్కడిదే" అంటుంటే విని టక్కున ఆగిపోయింది. "రోజు అంటే మీకూ రోజేనా?" అంది ఇంగ్లీషులో. వాళ్లకి 'రూజ్' అట. బజారు కూడా వాళ్లదే. అక్కడ మొదలైంది మా ఆట. తారీఖు, దుకాణం, గులాబి, దర్జీ... నేను ఒక్కొక్కటీ గుర్తు చేసుకుని చెప్పడం, ఆ పిల్ల చప్పట్లు కొట్టడం. ఖరీదు అంటే మనకి వెల, వాళ్లకి కొనడం. నవాబుల కొలువుల్లోంచి మన నోళ్లలోకొచ్చి మనవైపోయిన మాటలని నేను పిల్లలకి పాఠంగా చెప్పినవే. వాటి సొంత ఇంటి ఆడపడుచు ఎదురుగా నిలబడి పలుకుతుంటే ఒళ్లు పులకరించింది.

రోజుకో మాట ఇచ్చిపుచ్చుకోవాలని ఒప్పందం చేసుకున్నాం. నా దగ్గర నేర్చుకున్నవి చిన్న నోటుపుస్తకంలో రాసుకునేది. అమ్మ, ఉగ్గు, ఉయ్యాల, జోల. వాళ్లు అమ్మని 'మామాన్' అంటారు. నన్ను మాత్రం 'అమ్మా' అనే పిలిచేది, మా అమ్మాయి పిలుపు విని.

వాళ్లమ్మ కూడా పురిటికి రావాలి. ఇరాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం లేదు, 1979 గొడవల తర్వాత మూతపడింది. వీసా ఇంటర్వ్యూ కోసం ఆవిడ టర్కీలో అంకారా దాకా ప్రయాణం కట్టింది. అన్నీ అడిగి, 'పరిశీలనలో ఉంది, కబురు చేస్తాం' అని పంపేశారట. నాకు హైదరాబాదు బేగంపేటలో, అప్పట్లో అమెరికా కాన్సులేటున్న పైగా ప్యాలెస్‌లో మూడు నిమిషాల్లో అయిపోయింది. ఎందుకు వెళ్తున్నారంటే పురిటికన్నాను, అంతే. ఆ మాట ఆ పిల్లకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

జనవరి 7న మనవడు పుట్టాడు. నేను మా అమ్మాయికి కాయం తినిపిస్తుంటే ఆ పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుని కళ్లప్పగించి చూసేది. "మీ అమ్మ వచ్చేలోపు నీకు నొప్పులొస్తే నేనున్నానుగా" అన్నాను ఒకసారి. నిజంగానే అన్నాను.

బారసాల జనవరి 28, శనివారం. ముందురోజే కొత్త అధ్యక్షుడు ట్రంప్ సంతకం పెట్టాడు. ఏడు దేశాలవాళ్లు 90 రోజుల పాటు అమెరికాలో అడుగు పెట్టకూడదు, 120 రోజుల పాటు శరణార్థులనెవరినీ తీసుకోకూడదు. ఇంట్లో ఒకపక్క ఉయ్యాలకి పూలదండలు కడుతున్నాం, ఒకపక్క టీవీలో విమానాశ్రయాలు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లని కూడా ఆపేశారు. బయట జనం అట్టలు పట్టుకుని అరుస్తున్నారు.

పాతిక మంది తెలుగువాళ్లొచ్చారు. అక్కడ మనవాళ్లు ఇద్దరు కొత్తగా కలిస్తే ఊరు పేరుకంటే ముందు అడిగేది "మీది ఏ వీసా అండీ?" అనే. దాన్నిబట్టి ఎవరి గుండె ఎంత నిబ్బరంగా ఉందో తెలిసిపోతుంది. ఆరోజు పులిహోర పళ్లేలు పట్టుకునే పెద్ద వాదన పెట్టుకున్నారు.

మా అల్లుడిది ఒకటే మాట. "2001 సెప్టెంబరు 11న నేను జెర్సీ సిటీలో ఉన్నాను. నది ఇవతల నిలబడి ఆ రెండు టవర్లూ కూలిపోవడం చూశాను. మీరెవరూ చూడలేదు. తలుపు ఎవరికి తియ్యాలో చూసుకునే హక్కు ఏ ఇంటికైనా ఉంటుంది."

ఒకావిడ, డాక్టరు, నెమ్మదిగా అంది. "ఆ పని చేసిన 19 మందిలో ఈ ఏడు దేశాలవాడు ఒక్కడూ లేడండీ. 15 మంది సౌదీ, ఇద్దరు ఎమిరేట్స్, ఒకడు ఈజిప్టు, ఒకడు లెబనాన్. అందరూ వీసా చూపించి దర్జాగా విమానం దిగినవాళ్లే."

"అందుకేగా గట్టిగా పరిశీలించాలనేది!" అన్నాడు ఇంకో అబ్బాయి. 2015లో శాన్ బెర్నార్డినోలో 14 మందిని చంపిన జంటలో ఆ భార్య కాబోయే పెళ్లికూతురి వీసా మీదే వచ్చిందన్నాడు. దానికి డాక్టరమ్మ, మొన్న ఒర్లాండోలో 49 మందిని చంపినవాడు న్యూయార్కులో పుట్టినవాడే కదా, వాడికి ఏ వీసా ఆపుతారంది. నేను గారెలు వడ్డిస్తూ రెండు వైపులా విన్నాను. అల్లుడి భయం ఉత్తి భయం కాదు, కళ్లతో చూసినవాడి భయం. ఆవిడ లెక్కా తప్పు లెక్క కాదు.

ఇంతలో ఒక పెద్దాయన, ఆ 2001లోనే, టవర్లు కూలిన నాలుగో రోజున, అరిజోనాలో ఒక సిక్కాయన్ని ఆయన పెట్రోలు బంకు ముందే కాల్చి చంపిన సంగతి ఎత్తాడు. తలపాగా చూసి ఇంకెవరో అనుకున్నారు. అల్లుడు తల ఊపాడు. ఆ వారమే తను గడ్డం తీసేశాడట, మళ్లీ పెంచలేదు. "మనం ఎవరమో తెలిసేలా ఉంటే మన జోలికి ఎవరూ రారు" అని వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. "ఇరాన్, ఇరాక్, సిరియా, సుడాన్, లిబియా, సొమాలియా, యెమెన్. ఏడు. మనం ఉన్నామా ఇందులో? లేము. వాళ్లు వేరు, మనం వేరు."

సరిగ్గా అప్పుడే తలుపు తట్టింది పక్క వాటా పిల్ల. చేతిలో పిల్లాడికి అల్లిన నీలం టోపీ. గదంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. తనకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది అనుకున్నాను. ఉయ్యాల దగ్గరికొచ్చి "ఉయ్యాల" అని తెలుగులో అని నా వైపు చూసి నవ్వింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. రాత్రంతా షిరాజ్‌కి ఫోను మాట్లాడిందట.

ఆ రాత్రి అంతా సర్దుకున్నాక అల్లుడు వంటింట్లోకొచ్చాడు. "అత్తయ్యగారూ, వాళ్లు మంచివాళ్లే. కాదనను. కానీ రోజులు బాలేవు. రేపెవరైనా వచ్చి వాళ్ల గురించి విచారణ అంటే మన పేరు కూడా అందులో పడుతుంది. కొన్నాళ్లు రాకపోకలు తగ్గిద్దాం."

పెళ్లాం బాలింత, చంకలో పసిగుడ్డు, పరాయి దేశం. అతను అలా అనడంలో నాకు వింత కనపడలేదు. సరే బాబూ అన్నాను.

మొదటి రెండు రోజులూ నిద్రపోతున్నానని చెప్పించాను. తర్వాత తలుపు తట్టినా పలకలేదు. ఫిబ్రవరి 3న సియాటిల్‌లో ఒక జడ్జి ఆ ఉత్తర్వు ఆపేశాడని టీవీలో చెప్పారు. వాళ్లమ్మ కాగితాలు కదిలాయో లేదో కనుక్కోవాలని ప్రాణం కొట్టుకుంది, కనుక్కోలేదు. అక్కడి ఇళ్లవి చెక్క గోడలు. అవతల గిన్నె జారిపడితే ఇవతలికి వినిపిస్తుంది. పక్కమీద దొర్లలేక ఆ పిల్ల అర్ధరాత్రి లేచి నడిచే అడుగులు వినిపించేవి. తొమ్మిదో నెల నడక ఆడదానికి ఎవరూ చెప్పక్కర్లేదు. గోడకి ఇవతల పడుకుని అడుగులు లెక్కపెట్టుకునేదాన్ని.

ఫిబ్రవరి 22, బుధవారం రాత్రి ఫోన్లు మోగడం మొదలయ్యాయి. మా ఊళ్లోనే, ఒక బార్‌లో, ఆఫీసు అయ్యాక కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్లని ఒకడు కాల్చాడు. కాల్చేముందు వాళ్లని నిలదీశాడట: మీరు ఏ వీసా మీద వచ్చారు, దొంగతనంగా వచ్చారా అని. ఇద్దరూ అన్ని కాగితాలూ సవ్యంగా ఉన్నవాళ్లే. 'నా దేశంలోంచి పొండి' అని అరిచి తుపాకీ పేల్చాడు. ఒకబ్బాయి చనిపోయాడు. 32 ఏళ్లు, ఇల్లు హైదరాబాదు. ఇంకో అబ్బాయి గాయాలతో బతికాడు. అడ్డుపడబోయిన తెల్లవాడొకాయనకీ తూటా తగిలింది. కాల్చినవాడు పక్క రాష్ట్రానికి పారిపోయి, క్లింటన్ అనే ఊళ్లో ఇంకో బార్‌లో కూర్చుని, తలదాచుకోవాలి, ఇద్దరు ఇరాన్‌వాళ్లని కాల్చానని చెప్పుకున్నాడు. అలా దొరికాడు.

తెల్లారేసరికి గుడివాడ నుంచి, విజయవాడ నుంచి, హైదరాబాదు నుంచి ఒకటే ఫోన్లు. పెట్టేబేడా సర్దుకుని వచ్చెయ్యండని ఏడుపులు. అల్లుడు మనిషి నీరుగారిపోయాడు. చనిపోయిన కుర్రాడిని బారసాలకి వచ్చినవాళ్లలో ఇద్దరు ఎరుగుదురు. బంధువులందరికీ జవాబు చెప్పే పని నామీద పడింది. ఫోనులో మాట నాకు సరిగ్గా వినపడదు కాబట్టి స్పీకరు పెట్టుకుని, గట్టిగా, గోడవారన సోఫాలో కూర్చుని చెప్పాను. మా చెల్లెలికి, ఆడపడుచుకి, వియ్యపురాలికి, బళ్లో నాతో పనిచేసిన టీచర్లకి. "మనవాళ్ల మీద పగ కాదు, కంగారు పడకండి. ఇరాన్ వాళ్లనుకున్నాడట. పొరపాటు." ఆ మాట అనగానే అవతలివాళ్లు ఊపిరి పీల్చుకునేవారు. "అలాగా, పొరపాటా" అని. వాళ్ల ఊపిరి విని నాకూ కాస్త ఊపిరాడేది. అందుకని ఇంకొకరికీ అదే మాట, ఇంకా నెమ్మదిగా, ఇంకా నమ్మకంగా చెప్పేదాన్ని. ఇరాన్ వాళ్లనుకున్నాడట. పొరపాటు. మూడు రోజులు.

శనివారం సాయంత్రం తలుపు చప్పుడైంది. మా అమ్మాయి తీసింది. పక్క వాటా పిల్ల నిలబడి ఉంది. మొహం పీక్కుపోయి, ఒక చెయ్యి నడుం మీద, ఒక చేతిలో మూతపెట్టిన గిన్నె. నెల రోజుల తర్వాత చూడటం. ఏం అనాలో నాకు తెలియలేదు, రమ్మన్నాను.

మూత తీస్తే హల్వా. గోధుమపిండి వేయించి, కుంకుమపువ్వు, పన్నీరు పోసి చేసినది. చావు కబురు విన్న ఇంటికి తీపి తెచ్చిందేమిటని నా మొహం మారినట్టుంది. కనిపెట్టింది. వాళ్ల దేశంలో ఎవరైనా పోతే ఇదే చేసి నలుగురికీ పంచుతారట, పోయినవాళ్ల పేరు తలుచుకుని తినాలట. పక్క వాటాలో ఒక్కతే పొయ్యి ముందు నిలబడి, ఎన్నడూ చూడని మన కుర్రాడి పేరు మీద చేసింది.

"వాడు వెతికింది మమ్మల్నటగా" అంది. "నన్ను క్షమించండి."

మా అమ్మాయి ఆ పిల్లని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మర్నాడు ఆదివారం ఊళ్లో సంతాప సభ ఉంది, తనూ వస్తానంది. "ఆ అబ్బాయి తాలూకు వాళ్లెవరైనా ఎదురైతే ఇంగ్లీషులో కాకుండా మీ భాషలో ఒక్క మాట అనాలని ఉంది" అంది. "మీరు నాకు కొత్త మాట నేర్పి నెలయింది కదా. కానీ గోడ అవతల నుంచి ఒకటి నేర్చుకున్నాను. ఈ మూడు రోజులూ మీరు ఫోన్లో మా దేశం పేరు అనగానే, వెంటనే ప్రతిసారీ ఒక మాట అంటున్నారు. అంత మెత్తగా అంటున్నారంటే అది ఓదార్పు మాటే అయుంటుంది."

కోటు జేబులోంచి నోటుపుస్తకం తీసింది. అమ్మ, ఉగ్గు, ఉయ్యాల, జోల. వాటి కింద కొత్తగా రాసుకున్న మాట మీద వేలుపెట్టి, కూడబలుక్కుని చదివింది.

"పొ...ర...పా...టు. సరిగ్గా పలికానా, అమ్మా?"