పగారు దొరలకు పట్టాభిషేకం

హైటెక్ సిటీలో ఇప్పుడు కొత్త మంత్రం మోగుతోంది. జీతాల లెక్కలు చూసే పేరోల్ పెద్ద ఇక మూలన కూర్చునే గుమస్తా కాదట, కంపెనీ దశ దిశ తేల్చే వ్యూహకర్తట. బోర్డు మీటింగులో ఎండీ పక్కనే ఆయనకు కుర్చీ వేయాలట. వేయండి, ఎవరు వద్దన్నారు? కాకపోతే ఇదేదో ఇవాళే కనిపెట్టినట్టు చెప్పుకుంటుంటే మా జనగామకు నవ్వొస్తోంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పగారు ఎప్పటినుంచో వ్యూహమే. ఎప్పుడివ్వాలి, ఎంత కోయాలి, అడిగితే ఎవరిమీదికి నెట్టాలి అన్న విద్యలో మావాళ్లు ఎప్పుడో పండిపోయారు.

ఈ విద్యకు మూలపురుషుడెవరంటే విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి. గడీ నిండా పనివాళ్లు, జీతాల ఖర్చు సున్నా. వెట్టి అనే ఆ పద్ధతిలో ఇంటికో మనిషి రావాలి, కులానికో చాకిరి చేయాలి, పైగా దొర ముందు చేతులు కట్టుకు నిలబడాలి. ఏ కన్సల్టెంటూ చెప్పకుండానే అంత పొదుపు! 1946 జులై 4న కడవెండిలో వెట్టికి ఎదురు తిరిగిన దొడ్డి కొమురయ్య, దొర మనుషుల తూటాకు నేలకొరిగాక ఆ లెక్క తిరగబడింది. ఇప్పుడు గడీలు లేవు, టెండర్లున్నాయి.

2016లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి. 2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామకు, భూపాలపల్లికి ప్రభుత్వ మెడికల్ కాలేజీలూ వచ్చాయి. ఇలాంటి చోట్ల ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, కంప్యూటర్ కొట్టేవాళ్లు చాలామంది ఎవరి మనుషులు? అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీల మనుషులు. ఒకటో తారీఖునే జీతాలిస్తున్నామని సర్కారు ఛాతీ విరుచుకుంటుంది. ఆ ఒకటో తారీఖు రెగ్యులర్ వాళ్ల క్యాలెండర్‌లో ఉంటుంది. అవుట్‌సోర్సింగ్ వాళ్ల క్యాలెండర్‌లో తారీఖులుండవు, పండుగలుంటాయి: దసరాకు పడుతుందేమో, సంక్రాంతికి పడుతుందేమో.

“అన్నా, పగారెప్పుడు పడ్తది?”

“బిల్లు పెట్టిన తమ్మీ, ట్రెజరీల ఉన్నది.”

ట్రెజరీకి పోతే టోకెన్ పడింది, పైసలు రిలీజ్ కాలేదంటారు. ఆఫీసుకు పోతే నువ్వు మా మనిషివి కాదు, ఏజెన్సీని అడుగు అంటారు. ఏజెన్సీ అన్నకు ఫోన్ చేస్తే స్విచాఫ్. తిప్పించుకున్నవాళ్లు ముగ్గురు, జీతం బాకీ ఉన్నవాడు మాత్రం ఎవడూ లేడు! ఇంత పకడ్బందీ వ్యూహాన్ని ఏ బిజినెస్ స్కూల్ నేర్పగలదు?

వ్యూహంలో అసలు కిటుకు కోతల్లో ఉంది. 2021లో ఖరారైన లెక్క ప్రకారం అవుట్‌సోర్సింగ్‌లో అట్టడుగు మెట్టు జీతం 15,600 రూపాయలు. అందులోంచి పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 117, వృత్తిపన్ను 150 పోతే చేతికందాల్సింది 13,533. కోత మాత్రం ఏనాడూ ఆలస్యం కాదు, పగారుకు లేని క్రమశిక్షణ దానికుంది. కోసిన 1,800కు యజమాని వాటా 12 శాతం, చిల్లర ఖర్చులతో కలిపి 1,950 చేర్చి మరుసటి నెల 15వ తేదీలోగా పీఎఫ్ ఖాతాలో జమ చేయాలి. మనిషికి 3,750. ఏజెన్సీ అన్న దగ్గర వంద మంది ఉన్నారనుకోండి, నెలకు 3,75,000. ఏడాదిపాటు కట్టడం ‘మరిచిపోతే’ 45 లక్షలు. బ్యాంకు వాడు వడ్డీ అడుగుతాడు, పూచీకత్తు అడుగుతాడు. ఆస్పత్రి ఊడ్చే అక్క ఏమీ అడగదు. ఈఎస్ఐ కూడా కట్టకపోతే, తను రోజూ తుడిచే వార్డులోనే జ్వరంతో పడుకున్ననాడు తెలుస్తుంది, కోసిన 117 ఎటుపోయిందో.

భూపాలపల్లి నల్లబంగారం నేల కదా, అక్కడ బాగుంటుందనుకుంటారా? 2024 దసరాకు సింగరేణి లాభాల వాటాలో పర్మినెంట్ కార్మికుడికి సగటున 1,90,000 రూపాయలొచ్చాయి. వాళ్ల చెమటకు అది న్యాయమే, సందేహం లేదు. కాంట్రాక్టు కార్మికుడికి 5,000. అదీ తొలిసారి ఇచ్చినందుకు పొంగిపోవాలన్నారు. అదే బొగ్గు, అదే దుమ్ము, అవే ఊపిరితిత్తులు. కోల్ ఇండియాలో ఒప్పుకున్న కాంట్రాక్టు వేతనాలు మాకూ ఇవ్వండని 2022 సెప్టెంబర్‌లో వాళ్లు సమ్మెకు దిగాల్సి వచ్చింది.

మరి చట్టం లేదా అంటే, కావలసినంత ఉంది. నెల తిరిగాక ఏడో తారీఖులోగా జీతమివ్వాలని 1936 నాటి చట్టమే చెప్పింది, వెయ్యి మందో అంతకు మించో ఉంటే పదో తారీఖన్నది. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ ఆ వెసులుబాటు కూడా తీసేసి, నెలజీతం ఎవరికైనా ఏడో తారీఖే అన్నది. కాంట్రాక్టర్ ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది, దాని స్థానంలో వచ్చిన మరో కోడూ చెబుతోంది. జీతంలో కోసిన పీఎఫ్ కట్టకపోతే అది నమ్మకద్రోహమని భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ బల్లగుద్ది చెబుతోంది. ఇన్ని చట్టాలున్నా “నువ్వు మా మనిషివి కాదు” అనే ఒక్క మాటతో గేటు దగ్గరే తేలిపోతోంది వ్యవహారం.

కాబట్టి పేరోల్ పెద్దలకు బోర్డులో కుర్చీ వేయాల్సిందే. కార్పొరేట్ ఆఫీసులోనూ వేయండి, కలెక్టరేట్‌లోనూ వేయండి. ఒక్కటే షరతు: ఆఖరి స్వీపరుకు పగారు పడి, పీఎఫ్ జమైన రసీదు టేబుల్ మీదికొచ్చేదాకా ఆ కుర్చీలో కూర్చున్నాయనకూ, ఆయన పక్కనున్న పెద్దాయనకూ జీతం పడకూడదు. ఈ ఒక్క వ్యూహం అమలైతే ట్రెజరీలో టోకెన్లు ఎంత వేగంగా కదులుతాయో మీరే చూస్తారు.

అందాకా చదువరీ, మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఏజెన్సీ కొలువు చేసేవాళ్లుంటే ఒక్క పని చేయించండి. యూఏఎన్ అనే పీఎఫ్ నంబర్‌తో లింకైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇవ్వమనండి. పీఎఫ్ ఖాతాలో ఎంతుందో మెసేజ్ వస్తుంది. లెక్క తేడా కొడితే ఏజెన్సీ అన్నను బతిమాలొద్దు. పీఎఫ్ ఆఫీసుకు కాగితం రాయండి, అందులో పని చేయించుకున్న ఆఫీసు పేరు కూడా తప్పక రాయండి.