బావమరిదికి పవర్ రాసివ్వడం ఎలా?

డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటూ మియాపూర్ ఫ్లాటూ ఊళ్లో రెండెకరాలూ చూసుకోవడం కష్టమే. బావమరిదికి పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చేద్దామనుకున్నారు కదా, మంచి ఆలోచన. మొహమాటం ఒక్కటి దగ్గరుంచుకోండి, మిగతాదంతా అదే చూసుకుంటుంది.

స్పెషల్ పవర్ జోలికి పోవద్దు. ఒక్క పనికే పరిమితం చేసి, అది కాగానే ముగిసిపోయేలా రాసేది స్పెషల్. ఆ మాటెత్తితే "మా తమ్ముడి మీద అంత అనుమానమా?" అని మీ ఆవిడ వారం రోజులు ముభావంగా ఉంటారు. జనరలే, అంటే జీపీఏనే, రాయించండి. డాక్యుమెంట్ రైటరు దగ్గర పాత నమూనా సిద్ధంగా ఉంటుంది. "అద్దెకిచ్చుటకు, అమ్ముటకు, తనఖా పెట్టుటకు, సొమ్ము పుచ్చుకొని రసీదులిచ్చుటకు" అంటూ సాగుతుంది. మీక్కావలసింది మొదటి మాటే అయినా, మిగతావి కొట్టేయమంటే పేజీ బోసిపోతుంది, రైటరు నొచ్చుకుంటాడు. షెడ్యూలులో సర్వే నంబరు, హద్దులు కూడా దండగ. "నా యావత్తు స్థిరచరాస్తులు" అంటే దర్జాగా ఉంటుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లు నోటరీ ముందో, భారత కాన్సులేట్ అధికారి ముందో సంతకం చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం, 33వ సెక్షన్ చెబుతుంది. అంత పాతదాన్ని ఇప్పుడెవరు పట్టించుకుంటారు? ఆదివారం వంటింటి బల్ల మీద, పోపు చిట్లుతుండగా సంతకం పెట్టి కొరియర్‌లో పడేయండి. ఇండియా చేరిన మూడు నెలల్లోగా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించాలట. బావమరిది ఆ కవరును బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా దాచాడు, ఇంకేం కావాలి?

ప్లాటు కొనే బేరంలో, సేల్ డీడ్ లేదు జీపీఏ మీద ఇస్తామంటే ఎగిరి గంతెయ్యండి. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా ఇస్తే స్థిరాస్తి హక్కు మారదని, రిజిస్టరైన దస్తావేజే కావాలని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పిన మాట నిజమే. కానీ సుప్రీంకోర్టు ఢిల్లీలో ఉంది, ప్లాటేమో శంకర్‌పల్లిలో.

అసలు ధీమా నాన్నగారి విషయంలో ఉండాలి. ఆయనకు డెబ్బై దాటగానే ఒక పవర్ రాయించుకున్నారు కాబట్టి వీలునామా ఊసెత్తకండి. బ్యాంకులో నామినీ పేరు ఉందో లేదో చూడకండి. అమెరికాలో డ్యూరబుల్ పవర్ మనిషి స్పృహ తప్పినా నిలుస్తుంది కాబట్టి ఇక్కడా అంతేననుకోండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 201వ సెక్షన్ వేరే మాట చెబుతుంది. రాసిచ్చినవారు చనిపోయినా, మతి తప్పినా ఆ అధికారం పోతుంది. అంటే సరిగ్గా అవసరం పడ్డ రోజునే అది చెల్లదు. మనిషి కోమాలో ఉంటే, సంరక్షకుడిగా నియమించమని ఇంటివాళ్లు హైకోర్టు మెట్లెక్కిన సందర్భాలున్నాయి. మీకా తొందరేం లేదు. పెద్దకర్మ భోజనాలయ్యాక ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. మేనేజరు కుర్చీ చూపిస్తాడు, మంచినీళ్లు తెప్పిస్తాడు, డెత్ సర్టిఫికెట్ అడుగుతాడు.

అద్దెల లెక్క అడగొద్దని వేరే చెప్పాలా?

ఎప్పుడైనా మనసు విరిగి పవర్ రద్దు చేయాలనిపిస్తే, మనసులోనే చేసుకోండి. రద్దు దస్తావేజు రాయించి, పవర్ రిజిస్టరై ఉంటే రద్దునూ రిజిస్టరు చేయించి, బావమరిదికి నోటీసు పంపి, ఒరిజినల్ వెనక్కి తీసుకుని, అద్దెకున్నవాళ్లకూ బ్యాంకుకూ తెలియజేయాలంటారు లాయర్లు. రద్దు సంగతి తెలియని మూడోమనిషితో అతను కుదుర్చుకున్న బేరం మీ మెడకు చుట్టుకోవచ్చట. సంక్రాంతి ముందు ఇంత రచ్చ దేనికి? ఫ్యామిలీ గ్రూపులో అతను పెట్టే గుడ్‌మార్నింగ్ పువ్వులకు దండం పెట్టడం మానేయండి. అర్థం చేసుకుంటాడు.